ఆ సంచి ఎవరిది

ఆ వీధిలో కిటికీలకు అద్దాలుండవు. చెక్కలుంటాయి, రేకులుంటాయి, కొన్నిచోట్ల కిటికీ ఉండాల్సిన చోట ఇటుకలు పేర్చి సున్నం కొట్టేసిన గోడే ఉంటుంది. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు "ఇదేంటండీ, పట్టపగలు లైటు వేసుకోవాలా?" అని అడిగితే ఇంటివాళ్ళు అద్దె కాస్త తగ్గిస్తారు, అంతే.

పదేళ్ళ పైమాట. వీధి చివర బస్టాపులో ఎవరో ఒక సంచి వదిలి వెళ్ళారు. ఆఫీసులకూ బడులకూ జనం బయల్దేరే వేళ అది పేలింది. బస్టాపులో నిలబడ్డవాళ్ళలో బతికినవాళ్ళు తక్కువ. మంట కాల్చినవాళ్ళకన్నా అద్దాలు కోసినవాళ్ళే ఎక్కువ. వీధి పొడవునా ప్రతి కిటికీ, ప్రతి షోకేసూ పగిలి లోపలున్నవాళ్ళ మీదికి ఎగిరాయి. టైలరమ్మ భర్త అప్పుడే షాపు తెరిచి మిషనుకు నూనె వేస్తున్నాడు. ముందరి అద్దం మొత్తం ఆయన మీద పడింది. ఆరేళ్ళ కూతురు మిషను కింద దారపు ఉండలతో ఆడుకుంటోంది కాబట్టి బతికింది. చెవి కింద నుంచి మెడ దాకా ఒక గీత మాత్రం మిగిలింది.

అప్పటిదాకా టైలరమ్మకు కాజాలు కుట్టడం తప్ప మరేమీ రాదు. నెల తిరక్కుండా కత్తెర పట్టింది. మొదట్లో ఆమె కుట్టిన చొక్కాలకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అయినా వీధివాళ్ళు బట్టలు తెచ్చిచ్చారు, కుట్టింది వేసుకుని తిరిగారు కూడా. "ఫర్లేదులే అక్కా, మా ఆయన చేతులే అలా ఉంటాయి" అని నవ్వేసిన ఇల్లాళ్ళున్నారు. మెల్లగా చెయ్యి తిరిగింది. వీధి ఆమెను కడుపులో పెట్టుకుంది.

సంచి పెట్టినవాడు ప్రాణాలతో దొరకలేదు. పోలీసు కాల్పుల్లో పోయాడని పేపర్లో వేశారు. ముఖం కూడా సరిగ్గా తెలియని ఫోటో ఒకటి. టైలరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తిట్టడానికి మనిషి లేడు, పట్టుకుని కుదపడానికి ఒళ్ళు లేదు. ఇంత కోపం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

అప్పుడు తెలిసింది, వాడు నాలుగు నెలలపాటు ఆ వీధిలోనే ఉన్నాడని. ఆమె షాపుకి సరిగ్గా ఎదురుగా, అద్దాలాయన మేడ మీది గదిలో.

అద్దాలాయన కిటికీలకు అద్దాలు కోసి బిగిస్తాడు, ఫోటోలకు ఫ్రేములు కడతాడు. భర్త ఉన్నప్పుడు ఆమెను "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. పేలుడు జరిగిన వారంలో వీధిలో సగం కిటికీలకు పైసా తీసుకోకుండా అద్దాలు వేసినవాడు ఆయనే. అద్దెకున్నవాడి సంగతి బయటపడగానే పోలీసులు ఆయన్ని తీసుకెళ్ళారు. ఏడాది పైగా లోపల ఉంచి, ఇతనికేమీ తెలియదని కోర్టు వదిలేసింది. ఆయన తిరిగి వచ్చేసరికి, ఆయన వేసిన అద్దాలన్నీ వీధివాళ్ళు తామే పగలగొట్టుకుని ఉన్నారు.

కోర్టు వదిలేసిన మనిషిని టైలరమ్మ పట్టుకుంది.

ఆమె ఎన్నడూ గొంతు పెంచలేదు, శాపనార్థాలు పెట్టలేదు. జాకెట్టుకి కొలతలు తీసుకుంటూ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే, మెల్లగా అనేది: "మీ ఇష్టం వదినా, ఫ్రేములు ఆయన దగ్గరే కట్టించుకోండి. ఎవరి బతుకు వాళ్ళది. కాకపోతే ఆ గది మెట్లు ఆయన గుమ్మంలోంచే పోతాయి కదా, నాలుగు నెలలు వాడు రోజూ ఆయన ముందునుంచే ఎక్కి దిగాడు కదా, అంతే." విన్నవాళ్ళు తల దించుకుని వెళ్ళేవాళ్ళు. ఫ్రేములు కట్టించుకునేవాళ్ళు కాదు. పాలవాడు ఆయన గుమ్మం దాటి పోవడం మొదలుపెట్టాడు. బడిలో ఆయన కొడుకు పక్కన కూర్చోడానికి పిల్లలు ఒప్పుకోలేదు. మూడో ఏడు ఆయన భార్య పిల్లవాణ్ణి తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ రోజు టైలరమ్మ చాలా కాలానికి కడుపునిండా తిని నిద్రపోయింది.

ఆయన మాత్రం కదల్లేదు. "వెళ్ళిపోతే ఒప్పుకున్నట్టు కాదా మాస్టారూ" అన్నాడట, రిటైరైన హెడ్మాస్టరుతో. ఊరికి అటువైపు పనులు చేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

వీధికి కూడా పాత ఒళ్ళు తిరిగి రాలేదు. మందుల షాపతను స్కూటరు ఎక్కేముందు వంగి సీటు కింద చూసుకుంటాడు. ఒకసారి అలా వంగి నడుము పట్టేస్తే తన మందులు తనే మింగాడని అందరూ నవ్వారు. మాస్టారు ఏళ్ళ తరబడి గేటు దాటి బయటికి రాలేదు. పేలుడు నాటికి పుట్టని పిల్లలు సాయంత్రాలు "సంచి ఎవరిది" అని ఒక ఆట ఆడతారు. ఒకడు సంచి పెడతాడు, మిగతావాళ్ళు పరిగెడతారు, ఆఖరున మిగిలినవాడు చచ్చినట్టు. తల్లులు కొట్టి లోపలికి లాక్కెళతారు. మర్నాడు మళ్ళీ ఆడతారు.

టైలరమ్మ కూతురికి గట్టిగా తలుపు పడితే ఊపిరాడేది కాదు. బస్సు పేరెత్తితే చేతులు చల్లబడిపోయేవి. ఇంటర్ అంతా ఇంటి దగ్గరే చదువుకుంది. డిగ్రీలో చేరాక, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని మొదట ఒక స్టాపు, తర్వాత రెండు, అలా అలవాటు చేసుకుని, ఆ ఏడే ఒంటరిగా బస్సెక్కి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిరోజు వచ్చి "వెళ్ళానమ్మా, కిటికీ పక్కనే కూర్చున్నా" అని చెబితే తల్లి ఆ పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

కూతురు కుదుటపడినట్టే వీధీ కుదుటపడుతోంది. టైలరమ్మకు అదే మింగుడుపడలేదు.

మాస్టారు పొద్దున్నే నడకకు వెళ్ళడం మొదలుపెట్టారు. మందుల షాపతను షాపు బాగుచేయించుకుంటూ అద్దం తలుపు పెట్టించాడు. దాన్ని బిగించింది అద్దాలాయన. పని అయ్యాక ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఏదో మాటకు నవ్వుకున్నారు. మిషను ముందు కూర్చుని ఆమె ఆ నవ్వు చూసింది. కుడుతున్న కుట్టు పక్కకు పోయింది.

ఆ సాయంత్రం కూతురు అన్నం తింటూ మామూలుగా చెప్పింది. "అద్దాలాయన పలకరించాడమ్మా. ఏం చదువుతున్నావని అడిగాడు. చెప్పాను."

"ఆయనతో మాట్లాడావా?"

"అడిగితే చెప్పనా? ముసలాడైపోయాడు పాపం."

పాపం అన్న మాట ఆమె గొంతులో ముల్లులా దిగింది. భర్త పోయి పదేళ్ళు దాటింది. ఆయన్ని పాపం అనేవాళ్ళు వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ మాట ఎదురింటికి పోయింది, అదీ తన కూతురి నోటినుంచి.

రెండు రోజుల తర్వాత, కూతురు కాలేజీకి వెళ్ళాక, టైలరమ్మ అటక మీంచి పాత నల్ల సంచి ఒకటి దించింది. అడుగున రెండు ఇటుకలు పెట్టింది. కత్తిరింపు గుడ్డముక్కలు కుక్కింది. టిక్‌టిక్‌మనే పాత అలారం గడియారానికి కీ ఇచ్చి మధ్యలో దూర్చింది. పోలీసులు రావాలి, ఆయన్ని మళ్ళీ రెక్క పట్టుకుని లాక్కెళ్ళాలి, ఆ టీ తాగినవాళ్ళు ముఖం చాటెయ్యాలి. తర్వాత గుడ్డముక్కలని తేలినా ఫర్వాలేదు. ఒకసారి అనుమానం మళ్ళీ పుడితే చాలు, మిగతాది తను చూసుకోగలదు.

మధ్యాహ్నానికి ముందు, వీధి కాస్త పలచబడ్డప్పుడు, సంచి తీసుకెళ్ళి అద్దాలాయన మేడ మెట్ల పక్కన పెట్టింది. తిన్నగా మందుల షాపుకి వెళ్ళి తలనొప్పి మాత్ర అడిగింది. మాత్ర చేతికొచ్చాక వెనక్కి తిరిగి మెల్లగా అంది: "తమ్ముడూ, అక్కడ ఆ సంచి ఎవరిది?"

మందుల షాపతను చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత ఎవరు అరిచారో ఏమో, ఆ ఒక్క అరుపుతో వీధి వీధంతా కదిలిపోయింది. షట్టర్లు దడదడా పడ్డాయి. చెప్పులు, గొడుగులు, కూరల బుట్టలు ఎక్కడివక్కడ వదిలేసి జనం పరిగెత్తారు. ఒకామె పక్కింటి పిల్లను చంకనేసుకుని, తన పిల్ల అనుకుని, చివరిదాకా పరిగెత్తింది. మాస్టారు నడిరోడ్డు మీద కూలబడి చెవులు మూసుకున్నారు. ఆయన పంచె తడిసిపోయింది. మందుల షాపతను కౌంటరు కింద దూరి ముడుచుకుపోయాడు.

టైలరమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఆమె చూపంతా మేడ మెట్ల మీద.

అద్దాలాయన దిగి వచ్చాడు. సంచి చూశాడు. పరిగెత్తుతాడనుకుంది. ఆయన వంగి సంచిని రెండు చేతులా ఎత్తి గుండెలకు ఆనించుకున్నాడు. నిద్రపోయే పసిపిల్లను మోసినట్టు, కుదుపు లేకుండా, వడివడిగా నడుచుకుంటూ పాత గోడౌను వెనక ఖాళీ స్థలం వైపు వెళ్ళాడు.

ఆమె షాపు డాబా మీదికి ఎక్కింది. అక్కడ్నుంచి ఖాళీ స్థలం కనిపిస్తుంది. ఆయన మధ్యలోకి పోయి కూర్చున్నాడు. సంచిని ఒళ్ళో పెట్టుకుని దాని మీదికి వంగాడు. ఒంటితో దాన్ని కప్పుతున్నాడని ఆమెకు కాసేపటికి గాని అర్థం కాలేదు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

అప్పుడు ఆమె నడుము దగ్గర దోపుకున్న ఫోను మోగింది. తీసి చూసింది. కూతురు. ఎత్తలేదు. ఎత్తితే ఆ ముఖం మీంచి చూపు తిప్పాలి. చావు వస్తోందని నమ్మి కూర్చున్న మనిషి ముఖం అది. ఇన్నేళ్ళూ ఆమె కోరుకున్నది అదే. ఫోను ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ. ఆమె చూస్తూనే ఉంది.

పోలీసులు వచ్చి, ఆయన్ని దూరంగా లాగి, సంచి విప్పి చూసేసరికి చాలాసేపు పట్టింది. గుడ్డముక్కలు, ఇటుకలు, గడియారం. ఎవడో కొంటెవాడి పనన్నారు. ఆయన్ని లాక్కెళ్ళలేదు. ఇన్‌స్పెక్టరు ఆయన భుజం తట్టాడు. వీధివాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. పదేళ్ళుగా ఆయన గుమ్మం తొక్కనివాళ్ళు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చారు. ఒకామె పిల్లాణ్ణి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టింది. టైలరమ్మ డాబా మీద పళ్ళు కొరుక్కుంది. కాళ్ళ కింద తొక్కాలనుకున్నవాణ్ణి తన చేతులతోనే జనం నెత్తిన పెట్టింది.

అప్పటికి కూతురు వచ్చింది. వీధిలో మళ్ళీ బాంబని కాలేజీలో అందరికీ తెలిసిపోయింది. తల్లి ఫోను ఎత్తలేదు. బస్సు ఎక్కబోతే కాలు ముందుకు పడలేదు. అంత దూరమూ పరిగెత్తుకుంటూనే వచ్చింది. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు, అరికాళ్ళు చీరుకుపోయాయి. డాబా దిగి వచ్చిన తల్లిని చూసి నేల మీద కూలబడి, ఆమె కాళ్ళు పట్టుకుంది.

"ఫోనెందుకు ఎత్తలేదమ్మా? పోయావనుకున్నాను."

"షాపులో మర్చిపోయానే" అంది తల్లి.

ఆ పిల్ల మర్నాడు కాలేజీకి వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. మాస్టారు మళ్ళీ గేటు దాటలేదు. మందుల షాపతను కొత్త అద్దం తలుపు తనే ఊడదీయించి రేకు పెట్టించాడు.

కొన్నాళ్ళకు, ఒక పొద్దున అద్దాలాయన ఆమె షాపుకి వచ్చాడు. చేతిలో చొక్కా గుడ్డ.

"చెల్లెమ్మా, చొక్కా కుట్టాలి."

ఆమె లేవలేదు. "నేను మీకు కుట్టను."

"సరే." ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూతురు లోపలి గదిలో పడుకుని ఉంది. ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు సంచి పెట్టడం మేడ మీంచి చూశాను."

మిషను చక్రం మీద ఆమె చెయ్యి బిగుసుకుంది.

"నిజమైన బాంబే అనుకున్నాను" అన్నాడాయన. "నీకు నా మీద అంత ఉందని నాకు తెలుసు. ఎక్కడో సంపాదించి తెచ్చావనుకున్నాను. చస్తే నేను ఒక్కణ్ణే చావాలని తీసుకెళ్ళాను. విప్పి చూస్తే గుడ్డముక్కలు."

"పోలీసులకు చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి? చెబితే రెండేళ్ళో మూడేళ్ళో లోపలుంటావు. వీధి జాలిపడుతుంది. మొగుడు పోయిన దుఃఖంలో చేసిందంటారు." ఆయన ముఖంలో దయ ఏ కోశానా లేదు. "తప్పు చెయ్యని నన్ను పదేళ్ళు దోషిలా బతికించావు. నా భార్య వెళ్ళిపోయింది, కొడుకు నా ముఖం మర్చిపోయాడు. నువ్వు చేసి కూడా చెయ్యనిదానిలా బతుకు. వీళ్ళంతా నిన్ను అక్కా అక్కా అంటుంటే పలుకుతూ ఉండు. నేను రోజూ ఎదురుగా కూర్చుని చూస్తాను. ఇన్నాళ్ళూ నువ్వు చూశావు కదా."

చొక్కా గుడ్డ బల్ల మీదే వదిలి వెళ్ళిపోయాడు.

అన్నట్టే రోజూ కూర్చున్నాడు. కుర్చీ గుమ్మంలో వేసుకుని ఆమె షాపు వైపు చూస్తూ. వచ్చేపోయేవాళ్ళు ఆగి ఆయనతో మాట్లాడేవాళ్ళు. ఆమె తల వంచుకుని మిషను తొక్కేది.

దానికన్నా ఎక్కువగా ఆమెను కాల్చింది కూతురు. ఆ పిల్లలో భయం మెల్లగా మరొకటిగా మారింది. చదువు మానేసి షాపులో కూర్చుని గుడ్డ కోస్తూ, తల ఎత్తకుండానే అనేది: "ఆ సంచి పెట్టినవాణ్ణి నేను వదలనమ్మా. వాడెవడో తెలిస్తే చాలు." వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగేది, ఆ రోజు కొత్తవాళ్ళెవరైనా కనిపించారా అని. గొంతు పెంచేది కాదు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగేది. ఆ గొంతు ఎవరిదో తల్లికి తెలుసు.

అలా అడగ్గా అడగ్గా ఒక పేరు తేలింది. వానలకు ముందు ఏటా వచ్చే గొడుగులు బాగుచేసేవాడు. ఆ రోజు పొద్దున వీధిలో కనిపించాడట. ఏడాది తిరిగి మళ్ళీ వానలు దగ్గరపడుతున్నా రాలేదట. నల్ల సంచి భుజానికి తగిలించుకుంటాడట. "ఏటా వచ్చేవాడు ఆ రోజు నుంచి ఎందుకు రాలేదు?" అని కూతురు అడిగిన ప్రశ్న ఇల్లిల్లూ తిరిగింది. భయపడి రాలేదని ఎవరికీ తోచలేదు.

తొలకరి పడ్డాక అతను వచ్చాడు. "గొడుగులు బాగుచేస్తాం" అని కేక వేసీ వేయకముందే కుర్రాళ్ళు చుట్టుముట్టారు. మొదట సంచి లాగి రోడ్డు మీద బోర్లించారు. ఊచలు, దారాలు, చిన్న సుత్తి. తర్వాత చెంపదెబ్బలు. తర్వాత ఎవడో అదే సుత్తి తీశాడు. అతను చేతులు అడ్డం పెట్టుకుని "నేను కాదు బాబూ, నేనేం చేశాను బాబూ" అంటున్నాడు. గుంపు ముందు కూతురు నిలబడి ఉంది. "అడగండి" అంటోంది. "ఎవరు పెట్టమన్నారో అడగండి." చాలా నెలల తర్వాత ఆ పిల్ల చెంపల్లో రంగు కనిపించింది.

టైలరమ్మ గుమ్మంలోంచి చూసింది. ఎదురుగా అద్దాలాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన గొడుగులవాణ్ణి చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు. చెబుతుందా చెప్పదా అని. అతను చచ్చిపోయినా ఆయన నోరు విప్పడని ఆమెకు ఆ చూపులో అర్థమైంది. తను నేర్పిన పగ ఆయనకు కూడా బాగానే వంటపట్టింది. దాంతోపాటే మరొకటీ తోచింది: ఇప్పుడు నోరు విప్పితే ఆయన దాచుకున్నది ఆయన చేతిలోంచి జారిపోతుంది. అతన్ని కాపాడటానికి అడుగు వేసిందో, ఆయన దగ్గర్నుంచి దాన్ని లాక్కోడానికి వేసిందో ఆమె తర్వాత కూడా తేల్చుకోలేకపోయింది.

గుంపులోకి వెళ్ళి సుత్తి పట్టుకున్న చెయ్యి పట్టుకుంది.

"వదలండి. ఆ సంచి నాది."

"పక్కకు రా అక్కా, దెబ్బ తగులుద్ది."

"నాదేనంటున్నాను. నేను కుక్కిన గుడ్డలు, మా అటక మీది గడియారం. ఆయన మెట్ల పక్కన నేనే పెట్టాను."

కుర్రాళ్ళు అద్దాలాయన వైపు చూశారు. ఆయన పెదవులు బిగించాడు. ముఖం నల్లబడింది, చేతిలోది ఎవరో ఊడలాక్కున్నట్టు. ఆఖరికి "ఔను, చూశాను" అన్నాడు.

గొడుగులవాడు ఊచలు ఏరుకోకుండానే కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ అతనితో ఒక్క మాట అనలేదు. అందరి కళ్ళూ ఆమె మీదికి తిరిగాయి. ఆ చూపు ఎలా పుడుతుందో, ఎన్నేళ్ళు నిలుస్తుందో ఆ వీధిలో ఆమెకన్నా తెలిసినవాళ్ళు లేరు.

కూతురు ఇంట్లోకి వచ్చాక ఒక్కటే అడిగింది. "ఆ రోజు నా ఫోను మోగడం విన్నావా?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. ఆ పిల్ల అరికాళ్ళ మచ్చలు చూసి మింగేసింది.

"విన్నాను."

"ఏం చేస్తున్నావు?"

"ఆయన్ని చూస్తున్నాను."

కూతురు ఆ రోజే బట్టలు సర్దుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళిపోయింది.

కేసు నడిచింది. అద్దాలాయన సాక్ష్యం చెప్పాడు, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, ఒక్క మాట తక్కువ చెప్పలేదు. అది వింటున్నప్పుడు కూడా టైలరమ్మకు ఆయన మీద మంట చల్లారలేదు. నాలుగు నెలలు వాడు ఆ మెట్లెక్కాడన్నది నిజమే కదా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండూ ఉన్నాయి, ఏదీ పోలేదు. వీధివాళ్ళు ఒక్కరూ కోర్టుకి రాలేదు. ఆమెకు శిక్ష పడిందని తెలిశాక, షాపు రేకు మీద బొగ్గుతో ఎవరో ఏదో రాశారని, మందుల షాపతను తుడిచేశాడని ఎవరో చెప్పారు.

తీర్పు రోజున కూతురు వచ్చింది. చివర్లో కూర్చుని మొత్తం విన్నది. తల్లిని తీసుకెళ్ళేముందు వరండాలో ఎదురుగా వచ్చి నిలబడింది.

"అద్దాలాయన్ని క్షమించమని నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు" అంది. "నిన్ను క్షమించమని కూడా అడక్కు."

"అడగను."

తల్లి జాకెట్టు భుజం దగ్గర దారం ఒకటి ఊడి వేలాడుతోంది. కూతురు వంగి, దాన్ని పళ్ళతో కొరికి తెంపింది. తర్వాత మెట్లు దిగి, వెనక్కి చూడకుండా, వానలో వెళ్ళిపోయింది.